రాతిదూది ఏకిన ఇల్లు

ఎమ్మిగనూరులో మా ఇంటి బీరువా పైన ఒక వస్తువుంది. మూడు ప్లాస్టిక్ సంచులు ఒకదాంట్లో ఒకటి పెట్టి, మూతులు పురికొసతో బిగించి కట్టి అక్కడ పెట్టాను. ఇల్లు తుడిచే లక్ష్మమ్మ కుర్చీ వేసుకుని పైన దులపబోతే "దిగు, ముందు దిగు" అని కేకలేస్తాను. "అంత బంగారం ఏముండాదమ్మా ఆడ?" అని ఆమె మూతి తిప్పుకుంటుంది. బంగారమైతే ఎంత బాగుండేది! ముప్పై ఏళ్లు బడిపిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్నదాన్ని, నాకు నోరు పెద్దది, కోపం ముక్కు మీదే ఉంటుంది. అందుకే ఆమె నా కేకల్ని లెక్కచెయ్యదు. కొంగు నడుముకు దోపుకుని రెండు రోజులకు మళ్లీ కుర్చీ లాక్కుంటుంది. ఆ కుర్చీ కాళ్లు గరగరమన్నప్పుడల్లా నేను పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తుకొస్తాను.

అది కారు ఇంజనుకు వేసే హెడ్ గ్యాస్కెట్. తెలియనివాళ్లకు చెప్తాను. ఇంజను రెండు ముక్కలు. కింద దిమ్మ, పైన మూత. మూతను మెకానిక్కులు హెడ్డు అంటారు. లోపల మంట మండుతుంది, పక్కనే నీళ్లు పారుతుంటాయి, ఇంకో దారిలో నూనె నడుస్తుంటుంది. ఈ మూడూ ఒకదాన్నొకటి ముట్టుకోకుండా దిమ్మకూ మూతకూ నడుమ పరిచే పలచని రేకు గ్యాస్కెట్. అది పోయిందంటే నీళ్లు నూనెలో కలిసి ఇంజను కడుపంతా పాలు పోసిన టీ మాదిరి తయారవుతుంది. వెనక గొట్టంలో తెల్లపొగ లేస్తుంది, బండి నడిరోడ్డు మీద నిలబడిపోతుంది. ఎన్ని గుర్రాల బలమున్న ఇంజనైనా సరే, దాని ఆయుష్షు ఈ రేకు చేతిలోనే ఉందనేవాడు మా అన్న. నా బీరువా పైనున్నది ఆదోనిలో మా ఇంట్లో అమ్మా, అన్నా, నేనూ కలిసి చేసిన రాగి గ్యాస్కెట్. అన్న మంచం పట్టినప్పుడు ట్రంకుపెట్టె అడుగునుంచి బయటికొచ్చింది. అది కంటబడినప్పటినుంచీ నాకు ఆ ఇల్లు తప్ప ఇంకేదీ గుర్తుకు రావడం లేదు.

మేం దూదేకులవాళ్లం. మా నాయన భుజాన విల్లు వేసుకుని ఆదోని వీధులన్నీ తిరిగేవాడు. ఎవరింట్లో పరుపు గట్టిపడితే ఆ ఇంటి ముందు గోనెపట్ట పరిచి, పాత దూది కుప్పపోసి, విల్లు నారిని కొయ్యగుబ్బతో మీటుతూ ఏకేవాడు. టుంయ్, టుంయ్ అని ఆ చప్పుడు రెండు వీధుల అవతలికి వినిపించేది. గడ్డకట్టిన దూది ఆ దెబ్బకు విడిపోయి పైకి లేచేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాయన కనుబొమలు, మీసాలు, చెవి వెంట్రుకలు అన్నీ తెల్లగా ఉండేవి. నేను ఆయన ఒళ్లో కూర్చుని అవి ఊది పోగొట్టేదాన్ని. పని ముగించి దూదిని తిరిగి పరుపులో కూరేముందు నాయనకు ఒక అలవాటుండేది. బిస్మిల్లా అని మూడుసార్లు దాని మీద ఊదేవాడు, దాని మీద పడుకునేవాళ్లకు కంటినిండా నిద్ర పట్టాలని. ఆయనకు మాత్రం నిద్ర పట్టేది కాదు. దగ్గు. దూది దుమ్ము అంతా లోపల పేరుకుపోయిందని అందరూ అనేవాళ్లు. నేను రెండో తరగతిలో ఉండగా ఆ దగ్గుతోనే పోయాడు.

నాయన పోయాక అమ్మ విల్లును పాతచీర ముక్కలో చుట్టి గోడకు పైన, ఎవరికీ చెయ్యి అందని మేకుకు తగిలించింది. "ఈ ఇంట్లో ఇంక దూది ఎగరగూడదు" అంది. మా అన్న దస్తగిరి నాకంటే పదేళ్లు పెద్ద. వాణ్ణి దూది పనిలో పెట్టనని పట్టుబట్టి, జిన్నింగు మిల్లు లారీలు బాగుచేసే షెడ్డులో చేర్పించింది. "ఇనుము ఎగరదు గదా, ఒంటికి ఏం గాదు" అనేది. నిజమేననుకున్నాం. అన్న చూస్తుండగానే పెద్ద మెకానిక్కయ్యాడు, షెడ్డు పని చాలక ఇంటి ముందు బండలు పరిచి చప్పట వేసి సొంతంగా బండ్ల ఇంజన్లు దింపడం మొదలుపెట్టాడు. పొద్దున లేస్తే కిరసనాయిలు వాసన, అమ్మ జొన్నరొట్టె తట్టే చప్పుడు, అన్న స్పానర్లు రాలే చప్పుడు, ఇవే నా చిన్నతనం. భోజనానికి ముందు అన్న రంపపు పొట్టుతో చేతులు రుద్దుకుని, సబ్బుతో రెండుసార్లు కడుక్కుని కూర్చునేవాడు. అయినా రొట్టెకు కొంచెం డీజిలు వాసన అంటేది. "నూనె ఏసుకున్నానులే, శెనక్కాయ పొడి ఏస్తే సాలు" అని నవ్వేవాడు.

మా వంటింట్లో ఒక వింత జరుగుతుండేది. వాడిన రాగి గ్యాస్కెట్ గట్టిపడిపోతుంది, మళ్లీ వెయ్యాలంటే మెత్తబరచాలి. ఇనుమును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. రాగి అందుకు పూర్తిగా తలకిందులు, ఎర్రగా కాల్చి ముంచితే మెత్తబడుతుంది. ఆ ఎరుపు ఎంతవరకో అన్నకంటే అమ్మకే బాగా తెలుసు. పత్తికట్టెల పొయ్యి మీద చారు దించేసి, రాగి రేకును పట్టకారుతో పట్టుకుని, తలుపులు మూయించి చీకట్లో చూసేది. "ఇంగా గాలే... ఇంగా గాలే... ఇప్పుడు, ముంచు మే!" అనేది. నేను పట్టకారు అందుకుని బిందెలో ముంచితే సుయ్యిమనేది. రేకు వేలితో నొక్కితే వంగేది. ఆదోనిలో ఏ మెకానిక్కు ఇంట్లోనూ తల్లి ఈ పని చేసేది కాదు. అన్న దాన్ని గర్వంగా చెప్పుకునేవాడు.

ఆ రోజుల్లో మిల్లు యజమాని తమ్ముడు మల్లికార్జున కొత్తగా ఒక చిన్న కారు కొని, దానితో పందేలకు పోవాలని పిచ్చి పట్టించుకున్నాడు. అన్న ఈడువాడే, మనిషి మంచివాడు, ఓపిక మాత్రం గోరంత కూడా లేదు. ఒకనాడు కారును తాడుతో కట్టి లాక్కుని మా ఇంటి ముందుకు తెచ్చాడు.

"దస్తగిరీ, బళ్ళారిలో హెడ్డు గీకించుకోని వచ్చినానప్పా. ఐదు మైళ్లు పులి మాదిరి పోతాది. ఆ తర్వాత పిల్లి అయిపోయి తోవలో కూసుంటాది. ఇప్పటికే రెండు గ్యాస్కెట్లు కాలిపాయ" అన్నాడు.

"గీకితే మంట మండే చోటు ఇరుకై లోపల ఒత్తిడి పెరుగుతాది గదన్నా. అంగట్లో గ్యాస్కెట్టు ఆ ఒత్తిడికి ఆగదు. రెండు కాల్చినావంటాండావు, మూడోది గూడా కాలుస్తావు" అన్నాడు అన్న.

"అట్లయితే ఏం ఏద్దామో నువ్వే సెప్పు. మద్రాసు కాడ పందెముండాది. ఆడ గూడా తెల్లపొగ వచ్చిందంటే మా అన్న నా మొగం సూడడు."

అన్నకు వారం రోజులు అదే లోకం. రొట్టె తింటూ పళ్లెంలో వేలితో బొమ్మలు గీసేవాడు. ఉక్కు రేకు వేద్దామంటే హెడ్డు అద్దంలా సమంగా ఉండాలి. బళ్ళారిలో గీకినవాడు ఎగుడుదిగుడుగా గీకాడు, పైన స్కేలు నిలబెట్టి చూస్తే కిందినుంచి వెలుతురు కనబడుతోంది. ఒట్టి రాగి వేద్దామంటే మంటకు ఆగుతుంది గానీ పక్కన నీళ్లు చెమ్మగిల్లుతాయి. పైనా కిందా రాగి రేకు పెట్టి, నడుమ కాలని నార పరిస్తే, ఎగుడుదిగుళ్లను నార నింపుతుంది, మంటను రాగి అడ్డుకుంటుంది. అది మేలని తేల్చాడు. అంగట్లో దొరికే నార అట్ట తెచ్చి చీల్చి చూస్తే లోపల ఒకచోట గడ్డ, ఒకచోట ఖాళీ. "మంట ఆ ఖాళీనే ఎతుక్కుంటాది" అని విసిరికొట్టాడు. మర్నాడు మిల్లులో బాయిలరు గొట్టాలకు చుట్టే రాతినార తాడు మోపెడు తెచ్చాడు. నేనూ అన్నా చప్పట మీద కూర్చుని ఆ తాడును పురి విప్పి పోగులు పోగులుగా తీశాం.

అమ్మ వచ్చి ఒక పోగు వేళ్ల మధ్య నలిపి చూసింది. దూదేకేవాళ్ల కోడలు, చెయ్యి ఊరుకోదు. "ఇది దూదే గదరా" అంది.

"దూది కాదమ్మా. రాతి లోంచి తీస్తారంట. నిప్పుల్లో ఏసినా కాలదు" అన్నాడు అన్న.

అమ్మ నమ్మలేదు. చిటికెడు తీసి పొయ్యిలో వేసింది. ఎర్రగా అయింది, బయటికి తీస్తే మళ్లీ తెల్లగా, వేసింది వేసినట్టే ఉంది. అమ్మ అంతగా నవ్వగా నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. "ఓయమ్మా, కాలని దూది! మీ నాయన ఉండింటే ఎంత సంబరపడుతుండెనో" అంది. కాసేపు దాన్ని అటూ ఇటూ లాగి చూసి, "గడ్డలుంటే ఏమైంది, ఏకితే సరిపోతాది" అంది.

అన్న తలెత్తి గోడవైపు చూశాడు. "దూది ఎగరగూడదంటివి గదమ్మా?"

"ఇది దూది కాదంటివి గదరా. రాయి. రాయికి దగ్గొస్తాదా ఏమన్నా? మే మాబూ, నాకు అందదు, పిండి డబ్బా ఎక్కి ఆ విల్లు దించు."

నేనే దించాను. పిండి డబ్బా మీద ఎక్కి, ఇంకా అందకపోతే మునివేళ్ల మీద నిలబడి, ఆ పాతచీర మూట రెండు చేతులా పట్టుకుని దించాను. నాయన పోయాక ఆ మూట వైపు చూడ్డానికే భయపడేదాన్ని. ఆ రోజు మాత్రం నాకు పండగొచ్చినంత సంతోషం. అమ్మ నారికి చెవి పెట్టి మీటి చూసింది. టుంయ్ మంది. ఆరేళ్ల తర్వాత ఆ చప్పుడు మళ్లీ మా ఇంట్లో వినబడితే పక్కింటి హంపమ్మవ్వ గోడ మీంచి తొంగిచూసింది. "మీ ఆయన లేసొచ్చినాడేమో అనుకుంటినే తల్లీ" అని ఏడ్చింది. బయట గాలికి పోగులు ఎగిరిపోతాయని అమ్మ తలుపూ కిటికీ మూయించి లోపల ఏకింది. తలుపు సందులోంచి పడే ఎండలో ఆ దుమ్ము మెరుస్తూ తిరిగేది. దూది మాదిరి కింద పడేది కాదు, ఎంతసేపైనా గాల్లోనే ఉండేది. నేను దాన్ని చేత్తో పట్టుకోవాలని ఎగిరేదాన్ని. జొన్నపిండి మీద పడకుండా అమ్మ డబ్బాకు మూత పెట్టింది. మా ముక్కులకు ఏదన్నా అడ్డం పెట్టుకోవాలని ఎవరికీ తోచలేదు.

ఏకిన నారలో అవిసెనూనె, గ్రాఫైటు పొడి కలిపి, రాగిరేకు మీద పలచగా పరిచి, పైన ఇంకో రేకు మూసి, అంచులు మడిచి, రుబ్బుడుబండ కింద రెండు రోజులు పెట్టాం. ఒకటి బిగించడానికి, ఒకటి చేతిలో ఉండడానికి, రెండు చేశాం. బిగించే రోజు అన్న దాన్ని రెండు అరచేతుల్లో పట్టుకుని అమ్మ ముందుకు చాచాడు. అమ్మ బిస్మిల్లా అని మూడుసార్లు ఊదింది. నన్నూ ఊదమంది. అన్నా ఊదాడు. అంచులనుంచి సన్నటి పొడి లేచి మా మొహాల మీద పడింది. అది మొదలు మా ఇంటినుంచి బయటికి వెళ్లే ప్రతి గ్యాస్కెట్టుకూ ఇదే రివాజు అయింది. నాయన పరుపుల మీద ఊదినట్టే మేం గ్యాస్కెట్ల మీద ఊదేవాళ్లం.

కారు పొద్దున్నే పరీక్షకు హొళగుంద మీదుగా బళ్ళారి దారి పట్టింది. ఎండాకాలం. ఎక్కడా ఆగకుండా పోయి రావాలని పందెం వేసుకున్నారు. అమ్మ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. "పందెం కారుది, పస్తు నీకెందుకే" అని హంపమ్మవ్వ తిట్టింది. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు వీధి మొగదల హారన్ వినిపించింది. తెల్లపొగ లేదు. మల్లికార్జున దిగీ దిగకముందే అన్న బానెట్ ఎత్తి, నూనె కొలిచే కడ్డీ లాగి, అమ్మ కొంగు పట్టుకుని దానికే తుడిచాడు. నల్లటి నూనె, నీటి చుక్క లేదు. "సూడండప్పా, మాయమ్మ ఏకిన గ్యాస్కెట్టు!" అని వీధంతా వినబడేలా అరిచాడు. అమ్మ కొంగు మీద మరక చూసుకుని "పాడుజేస్తివి గదరా" అంటూనే కళ్లు తుడుచుకుంది. ఆ చీర చివరిదాకా దాచుకుంది, ఉతికినా మరక పోలేదు.

అప్పటినుంచి మా అన్న గ్యాస్కెట్ దస్తగిరి అయ్యాడు. శిరుగుప్పనుంచి, బళ్ళారినుంచి, ఒత్తిడి ఎక్కువ చేసుకున్న బండ్లన్నీ మా వీధికే వచ్చేవి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక మా ఇంట్లో రాతిదూది ఏకేవాళ్లం. నేను టీచరు ట్రైనింగుకు పోయేదాకా, అంటే ఆరేడేళ్లు, ఆ పని మాలో ఒక్కరం కూడా మానలేదు. నన్ను ఎమ్మిగనూరులో బడిపంతులమ్మను చేసింది ఆ పనే, అన్నకు పెళ్లి చేసింది ఆ పనే. చాలా ఏళ్ల తర్వాత అమ్మకు ఆయాసం మొదలైంది. క్షయ అన్నారు. ఆ మందులన్నీ మింగింది, తగ్గలేదు. నాలుగడుగులు నడిస్తే గోడ పట్టుకునేది. "మీ నాయన దగ్గు వేరు, నాది వేరు. ఆయనకు కఫం పడేది. నాకు పొడిదగ్గు, ఏమీ రాదు" అనేది. ఏమీ రాకుండానే పోయింది. మేం ఖబరస్తాన్‌లో నాయన పక్కన పెట్టి వచ్చాం. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

ఆ తర్వాత అన్న వంతు వచ్చింది. పోయిన ఎండాకాలం అన్నను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. వదిన పోయి చాలా కాలమైంది. కొడుకు రఫీ బెంగళూరులో పందెం కార్లు తయారుచేసే షెడ్డులో ఉన్నాడు, వాడు వచ్చేసరికి ఆలస్యమవుతుందని నేనే పోయాను. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, ఫిల్ములు దీపం ముందు పెట్టి చాలాసేపు చూసింది. అన్నను బయట కూర్చోబెట్టి నన్ను పిలిచింది.

"ఈయన రాతినారతో, అదే ఆస్‌బెస్టాస్‌తో, ఏమైనా పని చేశారా? రేకుల ఫ్యాక్టరీలో గానీ, బాయిలర్ల దగ్గర గానీ?"

"ఫ్యాక్టరీలో కాదమ్మా. ఇంట్లోనే. ఏకేవాళ్లం" అన్నాను.

"ఏకడమంటే?"

నేను చేతులతో విల్లు పట్టి చూపించాను. ఆమె చేతిలోని పెన్ను కింద పెట్టింది. ఆ నార లోపలికి పోతే బయటికి రాదనీ, కరగదనీ, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరలో నలభై ఏళ్లయినా అట్లాగే కూర్చుంటుందనీ, చివరికి ఆ పొర రాయిలా గట్టిపడుతుందనీ చెప్పింది. ఇప్పుడు చెయ్యగలిగింది పెద్దగా లేదంది. నా చెవుల్లో విల్లు మోగుతోంది. "ఆ ఇంట్లో ఎంతమంది ఉండేవారు?" అని అడిగింది. "ముగ్గురం. అమ్మ పోయింది. ఇంకొకరు నేను" అన్నాను. ఆమె ఇంకేమీ అడక్కుండా నా పేరు మీద ఒక స్కానుకు చీటీ రాసిచ్చింది. మడిచి పర్సులో పెట్టుకున్నాను. అంతకు ముందు చలికాలంలో పట్టుకున్న దగ్గు నన్నింకా వదల్లేదని ఆమెకు చెప్పలేదు.

తిరిగి వస్తుంటే కోడుమూరు దాటాక అన్న అడిగాడు. "ఏం సెప్పింది మే డాక్టరమ్మ?"

దారి పొడుగునా అదే తయారుచేసుకుంటున్నాను. వాడి బతుకంతా ఒక్క పని మీద నిలబడింది. ఆ పనే వాణ్ణి చంపుతోందని ఏ నోటితో చెప్పను? అంతకంటే ఘోరం, ఆ పనే అమ్మను చంపిందని ఎట్లా చెప్పను? "దూది దుమ్మంట అన్నా. చిన్నప్పుడు నాయన పక్కన పండుకుంటివి గదా, అప్పుడు పోయిందంట" అన్నాను. అబద్ధం ఇంత సులువుగా వస్తుందనుకోలేదు. అన్న కిటికీలోంచి బయట ఎండిన చేలవైపు చూస్తూ, "ఇడిసిపెట్టలేదన్నమాట నాయన. ఇనుములోకి వచ్చినా తప్పలేదు సూడు" అన్నాడు. పాపం ఏ తప్పూ లేని నాయన మీద ఈ నింద వేసి, నేను ఎమ్మిగనూరులో దిగకుండా ఆదోనిదాకా వాడితోనే పోయాను.

రెండు వారాలకు రఫీ వచ్చాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, వీపు వెనక మూడు దిండ్లు, అయినా కొడుకును చూడగానే అన్న కళ్లు వెలిగాయి. తండ్రీకొడుకులు బాగున్నావా అంటే బాగున్నావా అనుకోరు, ఇంజను గురించే మొదలుపెడతారు. రఫీ ఫోనులో ఫోటోలు చూపించాడు. గాలిని బలవంతంగా లోపలికి కుక్కే ఇంజనంట, మామూలుకు రెండింతల ఒత్తిడంట, రెండుసార్లు హెడ్ గ్యాస్కెట్ పోయిందంట.

"ఏం ఏద్దామనుకుంటాండావు?" అన్నాడు అన్న. ఒక్కో మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు.

"పొరలు పొరలుగా ఉక్కుది వస్తాది నాయనా. మూడు పొరలు. ఒత్తిడికి అదే ఆగుతాది అంటారు అందరూ. రాగిది ఏద్దామని ఒకాయన పట్టుబట్టినాడు. నువ్వేమంటావని అడుగుదామనే వచ్చినా."

"హెడ్డు సమంగుండాదా?"

"కొత్తగా మిషన్ మీద పెట్టించినాం. వెంట్రుక దూరదు."

"బోల్టులు?"

"కొత్తవే. నడుమనుంచి బిగించుకుంటా బయటికి వస్తాం. నువ్వు నేర్పినట్టే."

అన్న కళ్లు మూసుకుని ఆలోచించాడు. వాడి మొహంలో ఆ కాసేపు రోగం లేదు, పళ్లెంలో వేలితో బొమ్మలు గీసే ఆ పాత అన్నే ఉన్నాడు. "హెడ్డు సమంగా ఉంటే ఉక్కే ఎయ్యి. లేకుంటే దిగబడిపోతావు. రాగి అయితే కొంచెం తప్పు చేసినా సర్దుకుంటాది, ఉక్కు సర్దుకోదు" అన్నాడు. ఆగి, "అయినా నా మాట ఇని ఒకటి తీసుకపో. ఎప్పుడన్నా ఎగుడుదిగుడు హెడ్డొస్తే పనికొస్తాది. మే మాబూ, ఆ ట్రంకుపెట్టె తియ్యి. అడుగున ఉండాది" అన్నాడు.

తీశాను. ఏదో పాత పటమనుకున్నాను. గుడ్డ విప్పితే మల్లికార్జున కారుకు చేసిన జతలో రెండోది. చుట్టిన గుడ్డ అమ్మ చీర, నూనె మరక అట్లాగే ఉంది. రాగి మసిబారింది, ఒక అంచు మడత విచ్చుకుని లోపలి తెల్లనార కుచ్చులా బయటికి వచ్చింది. అన్న దాన్ని రెండు అరచేతుల్లో పెట్టుకుని కొడుకు ముందుకు చాచాడు. "ఇది మీ జేజి ఏకింది రా. దీనికి సావు లేదు" అన్నాడు. రఫీ మా ఇంట్లో పెరిగిన పిల్లవాడు, రివాజు తెలుసు. చేతులు తుడుచుకుని, రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, బిస్మిల్లా అని దాన్ని నోటి దగ్గరికి తీసుకుని గుండెనిండా గాలి పీల్చాడు.

"ఊదొద్దు!" అని అరిచాను.

నా జన్మలో అంత పెద్దగా అరవలేదు. లేచి వాడి చేతి మీద కొట్టినంత పని చేశాను. గ్యాస్కెట్ మంచం మీద పడింది. దాని మీద అమ్మ చీర కప్పేసి, ఆ చీరను కూడా ముట్టుకోకూడదని గుర్తొచ్చి, చేతులు వెనక్కి లాక్కున్నాను. "ఏంటత్తా, ఏమైంది?" అంటున్నాడు రఫీ. నేను వాడివైపు చూడలేదు. అన్న నావైపు చూస్తున్నాడు. ఇంజను చప్పుడు విని ఎక్కడ పోయిందో చెప్పేవాడు మా అన్న. విప్పి చూడాల్సిన అవసరం వాడికి ఎప్పుడూ ఉండేది కాదు.

"దూది గాదా మే?" అన్నాడు.

నేను మంచం మీది చీర మరకవైపే చూస్తున్నాను.

"అమ్మ గూడానా?"

నేను ఆక్సిజన్ గొట్టం సర్దబోయాను. బడిలో అంతమంది పిల్లల్ని నిజం చెప్పమని చెవులు మెలేసి అడిగినదాన్ని. వాడు తల గోడవైపు తిప్పుకున్నాడు. "అమ్మ ఒద్దన్న పని మళ్లీ ఇంట్లోకి తెచ్చింది నేనే గదా. తాడు మోసుకొచ్చింది నేనే గదా" అన్నాడు. పిండి డబ్బా ఎక్కి విల్లు దించింది నేనన్నా అని చెప్పాలనుకున్నాను. చెప్పి ఉంటే ఆ బరువులో కొంచెమైనా నేను పంచుకునేదాన్నేమో. అంతలో దగ్గు ముంచుకొచ్చి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ తర్వాత తొమ్మిది రోజులు బతికాడు. ఇంజను ఊసెత్తలేదు. రఫీ ఫోటోలు చూపించబోతే ఫోను పక్కకు నెట్టేశాడు. నాయన పక్కన, అమ్మ పక్కన, వాణ్ణీ పెట్టి వచ్చాం. రఫీ ఉక్కు గ్యాస్కెట్టే వేశాడు, నిలబడిందని మొన్న ఫోను చేశాడు, మంచిదిరా అన్నాను. ఆ రాగిదాన్ని ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. కాల్చేద్దామంటే కాలదు. పూడ్చితే ఎవడో ఒకడు రాగి కోసం తవ్వి తీసి విరిచి చూస్తాడు. చెత్తబండికి ఇస్తే దాన్ని చేతులతో ఏరేవాళ్లున్నారు. అమ్మ చీరతో సహా సంచుల్లో కట్టి బీరువా పైన పెట్టాను. డాక్టరమ్మ ఇచ్చిన చీటీ కూడా దానికిందే ఉంది, ఇంకా కర్నూలు పోలేదు.

అమ్మ గూడానా అని అడిగాడు అన్న. నువ్వు గూడానా అని నన్ను అడగలేదు. వాడికి తట్టలేదని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ తొమ్మిది రోజులూ వాడి మంచం పక్కన కూర్చుని నేను దగ్గినప్పుడల్లా వాడు కళ్లు మూసుకునేవాడు.